మొయినాబాదు పోలీసు జాగిలాల శిక్షణ

మొయినాబాదు పోలీసు జాగిలాల శిక్షణ తెలంగాణ రాష్ట్రం, రంగారెడ్డి జిల్లా, చేవెళ్ల రెవెన్యూ డివిజనులోని మొయినాబాదులో జరుగుతున్నది. హైదరాబాదు నుండి చేవెళ్ల వెళ్ళే దారిలో మొయినాబాదు ఉన్నది. రాష్ట్ర పోలీసు నిఘా విభాగానికి చెందిన ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో ఈ శిక్షణ ఇస్తారు. జాగిలానికీ, దానిని నడిపించే పోలీసుకూ ఇక్కడ కలిపి శిక్షణ ఉంటుంది. ఈ పోలీసును హ్యాండ్లర్ అంటారు.

నేపథ్యం

2014లో రాష్ట్ర విభజన జరిగే వరకు ఈ కేంద్రం ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ పోలీసులకు జాగిలాలను తయారుచేసేది. హైదరాబాదులో 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ వద్ద, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబు పేలుళ్ళు జరిగాయి. ఇటువంటి ముప్పు ఉన్న నగరంలో బహిరంగ సభలకు, ప్రముఖుల పర్యటనలకు ముందు ఆ స్థలాన్ని జాగిలాలతో సోదా చేయిస్తారు. ఇతర రాష్ట్రాల పోలీసులు కూడా ఈ కేంద్రాన్ని వినియోగించుకున్నారు. 2016 ఏప్రిల్‌లో సంపూర్ణ మద్యనిషేధం విధించిన బీహారు, మద్యం వాసనను పసిగట్టే జాగిలాలకు ఇక్కడే శిక్షణ ఇప్పించింది.

శిక్షణ క్రమం

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినాయిస్ వంటి జాతులను ఈ పనికి ఎంచుకుంటారు. శిక్షణ సుమారు ఎనిమిది నెలలు సాగుతుంది. మొదట విధేయత నేర్పుతారు. హ్యాండ్లర్ ఎడమ ప్రక్కన నడవడం, కూర్చోవడం, పడుకోవడం, చెప్పేవరకు కదలకుండా ఉండటం, పిలిచిన వెంటనే రావడం ఇందులోని ప్రధాన అంశాలు. ఆ తరువాతే వాసన పట్టే పని మొదలవుతుంది.

జాగిలానికి వాసన గ్రహించే కణాలు జాతిని బట్టి 10 నుండి 30 కోట్ల వరకు ఉంటాయని అంచనా. మనిషికి ఇవి 50-60 లక్షలు మాత్రమే. వెతకవలసిన వాసన దొరికిన ప్రతిసారి బంతి గాని, తినుబండారం గాని ఇస్తే, జాగిలం ఆ వాసనను బహుమతితో జతచేసుకుంటుంది. పేలుడు పదార్థం కనిపెట్టిన జాగిలం మొరగకుండా, గోళ్ళతో గీరకుండా నిశ్శబ్దంగా కూర్చోవాలి. తాకితే బాంబు పేలే ప్రమాదమున్నది.

హ్యాండ్లర్ సన్నద్ధత

జాగిలం మాటలకన్నా హ్యాండ్లర్ చూపును, నడకను, పగ్గం బిగింపును ఎక్కువగా గమనిస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 18 జాగిలాల జట్లు పాల్గొన్నాయి. వెతకవలసిన వాసన ఆ గదులలో అసలు లేదు. కొన్ని చోట్ల ఎర్ర కాగితం ఉంటే అక్కడ వాసన ఉన్నట్లని హ్యాండ్లర్లకు చెప్పారు. 144 సోదాలలో తప్పుడు హెచ్చరిక ఒక్కటి కూడా లేనివి 21 మాత్రమే. ఎర్ర కాగితం ఉన్న చోట్ల తప్పుడు హెచ్చరికలు అధికంగా వచ్చాయి.

అందువలన హ్యాండ్లర్ నేర్చుకోవలసినది జాగిలం నేర్చుకునేదానికి తక్కువ కాదు. ఒకే పనికి ఒకే మాట, ఒకే సైగ వాడటం, పగ్గాన్ని వదులుగా పట్టుకోవడం, అనుమానమున్న చోట అడుగు నెమ్మదించకపోవడం, కోపాన్ని అణచుకోవడం అతని సాధనలో భాగాలు. మేత, శుభ్రత, ఆరోగ్యం చూసుకోవడం ద్వారా జాగిలానికి అతనిపై నమ్మకం కుదురుతుంది. కుక్కలు శరీర వేడిని ప్రధానంగా నాలుక చాచి వగర్చడం ద్వారానే తగ్గించుకుంటాయి. కనుక వేసవిలో వాటి సాధనకు తెల్లవారుజాము, సాయంత్రం వేళలే అనుకూలం. వేడెక్కి వగరుస్తున్న జాగిలం వాసన పట్టడంలోనూ వెనుకబడుతుంది.

పోటీలు

శిక్షణ ముగిసిన జట్లు పాసింగ్ అవుట్ పరేడ్‌లో విన్యాసాలు ప్రదర్శిస్తాయి. వివిధ రాష్ట్రాల జాగిలాలు అఖిల భారత పోలీస్ డ్యూటీ మీట్‌లో పోటీపడతాయి. పెంపుడు కుక్కల విషయంలో ఇటువంటి జంట సాధనకు ర్యాలీ ఒబీడియన్స్ ఒక ఉదాహరణ. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2005 నుండి ఇందులో బిరుదులు ఇస్తున్నది. బరిలో వరుసగా అమర్చిన సూచిక పలకలను చదువుతూ యజమాని, కుక్క కలిసి నడవాలి. 100 మార్కులతో మొదలుపెట్టి తప్పులకు కోత విధిస్తారు. అర్హతకు 70 రావాలి. కుక్కను బరిలోకి తెచ్చే ముందు యజమాని ఒంటరిగా ఆ దారి నడిచి చూసుకునే అవకాశం ఉంటుంది. దారి తప్పితే కోత పడేది ఇద్దరికీ కలిపి ఇచ్చే మార్కులలోనే.