ఖాళీ బల్లల మధ్య హెలెన్

1963. కేప్‌టౌన్‌లో దక్షిణాఫ్రికా పార్లమెంటు. అనుమానం ఉంటే చాలు, వారంటు లేకుండా పట్టుకుని, కోర్టు గుమ్మం ఎక్కించకుండా, లాయరును కలవనివ్వకుండా 90 రోజులు లోపల పడేసే అధికారం పోలీసులకిచ్చే బిల్లు ఓటింగుకు వచ్చింది. గడువు తీరాక వదిలిపెట్టి, వెంటనే మళ్లీ పట్టుకున్నా అడిగే నాథుడు లేడు. ప్రధాన ప్రతిపక్షం యునైటెడ్ పార్టీ సైతం లేచి వెళ్లి ప్రభుత్వం పక్కన చేరింది. ఇవతల బల్లలన్నీ ఖాళీ. వాటి మధ్య హెలెన్ సుజ్మన్ ఒక్కరే. వద్దన్న ఓటు ఆమెదొక్కటే.

ఆమెది ప్రోగ్రెసివ్ పార్టీ. 1959లో యునైటెడ్ పార్టీతో తెగతెంపులు చేసుకున్నవాళ్లు పెట్టింది. 1961 ఎన్నికల్లో ఆ పార్టీ వాళ్లంతా ఓడిపోగా, జోహానెస్‌బర్గ్‌లోని హౌటన్‌లో హెలెన్ మాత్రం 564 ఓట్ల తేడాతో గట్టెక్కారు. తెల్లవాళ్ల గడప తొక్కి నల్లవాళ్ల హక్కుల కోసం ఓటడగడం మాటలు కాదు. నిజమే, ఆ పార్టీ కూడా చదువో ఆస్తో ఉన్నవాళ్లకే ఓటు అంది. 1978 దాకా ఆ షరతు పట్టుకు వేలాడింది. అది పెద్ద లోటే. అయినా ఆ ఒక్క సీటుతో ఆమె చేసిన పని చూడండి. ఎందరిని నిర్బంధించారు, ఎందరిని ఉరితీశారు అంటూ మంత్రులను ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. సభలో వచ్చిన జవాబును పత్రికలు బెదురు లేకుండా అచ్చేయొచ్చు మరి! మీ ప్రశ్నలతో దేశం పరువు పోతోందని ఒక మంత్రి మండిపడితే, పరువు తీసేవి నా ప్రశ్నలు కావు, మీ జవాబులు అన్నారు.

1967లో రాబెన్ దీవి జైలును చూడటానికి వెళ్లారు. జైళ్ల కమిషనర్ వెన్నంటే ఉన్నాడు. ముందు గదుల్లోని ఖైదీలు, మాతో మాట్లాడి లాభం లేదు, చివర్లో మండేలా ఉన్నాడు, మా మాట ఆయనే చెబుతాడు అన్నారు. ఆమె అక్కడికి నడిచారు. మండేలా కడ్డీల సందులోంచి చేయి చాచి పలకరించారు. తిండి, బట్టలు, చదువు, సున్నపురాయి క్వారీలో చాకిరీ... అధికారుల ఎదుటే అన్నీ ఏకరువు పెట్టారు. ఒక వార్డరు చేతి మీద నాజీల స్వస్తిక పచ్చబొట్టు ఉందని కూడా చెప్పారు. వింటున్నామె లిథువేనియా నుంచి వలసొచ్చిన యూదుల బిడ్డ. ఆమె ఊరుకోలేదు. కొద్ది వారాల్లోనే ఆ వార్డరును అక్కణ్నుంచి మార్చేశారు.

1974లో మరో ఆరుగురు ప్రోగ్రెసివ్‌లు గెలిచి సభకు వచ్చారు. అంతదాకా, 13 ఏళ్లూ, జైలుపాలైనవాళ్ల ఇంటివాళ్లు తమ గోడు ఆమెకే ఉత్తరాల్లో రాసుకునేవారు.