బట్టమేక పిట్ట ఎందుకు వెళ్లిపోయింది? రోళ్లపాడు కథ

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక పిట్ట గురించి. పిట్ట అనగానే పిచ్చుక సైజు ఊహించుకోకండి. నిలబడితే దాదాపు ఒక మీటరు ఎత్తు, మగదైతే 15 కిలోల దాకా బరువు. ప్రపంచంలో ఎగరగలిగే పక్షుల్లో బాగా బరువైన వాటిలో ఇదొకటి. ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, మన తెలుగులో బట్టమేక పిట్ట. ఈరోజు దేశం మొత్తం మీద ఇవి 150 కూడా ఉండవని అంచనా. దాదాపు అన్నీ రాజస్థాన్‌లో జైసల్మేర్ వైపే ఉన్నాయి.

ఒకప్పుడు మన దగ్గరా ఉండేవి. కర్నూలు నుంచి నందికొట్కూరు వైపు వెళ్తే మిడుతూరు మండలంలో రోళ్లపాడు అనే ఊరు వస్తుంది. ఇప్పుడు నంద్యాల జిల్లా. 1980ల్లో ఈ ఊరి పేరు దేశంలో పక్షుల మీద పనిచేసే వాళ్లందరికీ తెలుసు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఇక్కడ ఏళ్ల తరబడి ఉండి రీసెర్చ్ చేశారు. 1988లో ఈ పిట్ట కోసమే 6.14 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ప్రకటించారు. చట్టం వచ్చింది, కంచె వచ్చింది, గార్డులొచ్చారు. పిట్ట మాత్రం వెళ్లిపోయింది.

ఎందుకు? వేటగాళ్ల వల్ల అని చెప్పేస్తే ఈజీగా ఉంటుంది. కానీ ఇక్కడ అసలు కథ వేట కాదు.

రోళ్లపాడుకు వెళ్లే ముందు ఓసారి 1798కి, చెన్నై దగ్గర వేడంతాంగల్‌కు వెళ్దాం. అక్కడ ఓ చెరువు ఉంది. 30 హెక్టార్లు, అంతే. ఏటా వేల కొద్దీ కొంగలు, నీటికాకులు వచ్చి చెరువులోని చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. బ్రిటిష్ సైనికులు వచ్చి సరదాకి వాటిని కాల్చేవాళ్లు. ఊరి వాళ్లు తిన్నగా చెంగల్పట్టు కలెక్టర్ లయొనెల్ ప్లేస్ దగ్గరికెళ్లి కంప్లైంట్ చేశారు. ఆయన పక్షులను కాపాడుకునే హక్కు ఊరికిస్తూ కౌలునామా రాసిచ్చాడు. 1858లో దాన్ని మళ్లీ ఖరారు చేయించుకున్నారు. వైల్డ్‌లైఫ్ యాక్ట్ లేదు, ఎన్జీవోల్లేవు, నేషనల్ పార్క్ అన్న మాట కూడా అప్పటికి పుట్టలేదు.

ఆ రైతులకు అంత పట్టుదల ఎందుకు? పక్షులంటే ప్రేమ ఉండే ఉంటుంది, కాదనను. దాంతో పాటు ఓ లెక్క కూడా ఉంది. రెట్ట చెరువులో పడుతుంది, ఆ నీళ్లు పొలానికి పారతాయి, వరికి ఎరువు ఫ్రీ. మన నెల్లూరు వైపు నేలపట్టులో గూడబాతుల చెరువు కింద సాగు చేసేవాళ్లూ ఇదే లెక్క చెప్తారు. పక్షి బాగుంటే పొలం బాగుంటుంది, కాబట్టి కాపలా ఎవరూ చెప్పకుండానే నడిచింది.

ఇప్పుడు రోళ్లపాడు వద్దాం. ఇక్కడ చెరువు లేదు, చెట్లూ లేవు. గడ్డి, రాళ్లు, మధ్యలో మెట్ట చేలు. బట్టమేక పిట్టకు కావాల్సింది సరిగ్గా అదే. చెట్లు దట్టంగా ఉంటే అక్కడ ఉండదు. అసలు మన ‘అభయారణ్యం’ అనే మాటలోనే తిరకాసు ఉంది. అరణ్యం అస్సలు పడని పిట్టకి అరణ్యం పేరు పెట్టాం. సర్కారు కాగితాల్లో గడ్డినేల అంటే బంజరు. బంజరు కనిపిస్తే చెట్లు నాటేయాలి, లేదంటే ఎవరికైనా ఇచ్చేయాలి. దేశమంతా ఈ పిట్ట నేల అలాగే పోయింది.

ఇది నేల మీదే గుడ్డు పెడుతుంది. మామూలుగా ఒక్కటే. మిడతలు, పురుగులు, తొండలు, రేగుపళ్లు, వేరుశెనగ... ఏది దొరికితే అది తింటుంది. జొన్న, కొర్ర, వేరుశెనగ వేసే వానాధారపు చేలు దీనికి ఇంటి పెరడు లాంటివి. పురుగుమందు ఉండదు కాబట్టి మిడతలుంటాయి. పంట కోశాక నేల ఖాళీగా ఉంటుంది కాబట్టి దూరం నుంచే నక్క కనిపిస్తుంది. అంటే గడ్డిభూమి ఎంత ముఖ్యమో, పక్కన రైతు వేసే పంటా అంతే ముఖ్యం. పిట్ట బతికింది రైతు అలవాట్ల మీద. కాకపోతే ఆ సంగతి చట్టంలో ఎక్కడా లేదు.

1988లో గీత గీశారు. గీత లోపల మేత బంద్. గొర్రెల కాపరులు, పశువులున్న వాళ్లు తరతరాలుగా తిరిగిన నేల అది. లోపల గడ్డి బాగా పెరిగింది, నిజమే. దాంతో పాటు కృష్ణజింకలూ పెరిగాయి, కొన్నేళ్లలోనే వందలకు చేరాయి. జింకలకు గీత తెలీదు కదా. చీకటి పడితే చేలలో పడేవి. పెట్టుబడి రైతుది, మేత జింకది. కర్ర పట్టుకుని తరమడం తప్ప చేయగలిగిందేమీ లేదు. అది షెడ్యూల్ వన్ జంతువు, చంపితే జైలే. ఈ పంట నష్టం ఎంత పెద్ద సమస్యంటే, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు దీని మీదే స్టడీ చేసి 1998లో పేపర్ వేశారు. పక్షి కోసం వచ్చిన వాళ్లు జింక మీద పేపర్ రాయాల్సి వచ్చిందంటే ఊళ్లో పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోండి.

రైతు వైపు నుంచి చూడండి. పిట్ట వచ్చింది, దాని వెనకాలే కంచె వచ్చింది, కంచె వెనకాల జింకలొచ్చాయి, నా జొన్న పోయింది. బట్టమేక పిట్ట ఆ రైతుకు ఏ హానీ చేయలేదు, పైగా పురుగుల్ని తిని పెట్టింది. కానీ బిల్లు దాని పేరు మీదే పడింది.

ఈలోగా కాల్వ నీళ్లొచ్చాయి. కొర్ర, జొన్న పోయి పత్తి, పొగాకు, పొద్దుతిరుగుడు వచ్చాయి. రైతును తప్పుపట్టే పని లేదు. నీళ్లున్నాక జొన్నే వేయమని ఎవరు చెప్తారు, చెప్తే ఆ తేడా డబ్బు ఎవరిస్తారు? పత్తితో మందులొచ్చాయి, మందులతో మిడతలు పోయాయి. ఆ తర్వాత అదే ప్రాంతంలో గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్క్ వచ్చింది. సోలార్ మంచిదే. కానీ ఈ పిట్టకు ఎదురుగా ఉన్నది సరిగ్గా కనిపించదు, కళ్లు పక్కలకుంటాయి. బరువు వల్ల చటుక్కున తిరగలేదు కూడా. రాజస్థాన్‌లో కరెంటు తీగలకు తగిలి చచ్చిపోతుంటే విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

నేను కోడ్ రాసిన రోజుల్లో మాకో మాట ఉండేది: యూజర్‌ని అడక్కుండా రిలీజ్ చేస్తే ఫీచర్ కూడా బగ్ అవుతుంది అని. ఇలా అడక్కుండా చేసింది ఒక్క రోళ్లపాడులోనే కాదు. మధ్యప్రదేశ్‌లో కరేరా అని 1981లో ఇదే పిట్ట కోసం 202 చదరపు కిలోమీటర్లు ప్రకటించారు. లోపల ఊళ్లూ పొలాలూ ఉన్నాయి. దాంతో సొంత భూమిని అమ్ముకోవడం కూడా కష్టమైపోయింది. కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామంటే మధ్యలో ఓ పిట్ట అడ్డం! జనానికి ఆ పిట్ట మీద పగ పుట్టింది. 1990ల మధ్యకల్లా కరేరాలో ఒక్కటీ మిగల్లేదు, చివరికి ఆ శాంక్చురీనే రద్దు చేశారు. మహారాష్ట్రలో సోలాపూర్ దగ్గరైతే 1979లో ఏకంగా 8,496 చదరపు కిలోమీటర్లు రాసేశారు. 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్ఎంసీ లాంటివి 13 పడతాయి అందులో! తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి చాలా భాగం తీసేశారు.

మరి దీనికి దారే లేదా అంటే, ఉంది. ఈ పిట్టకు యూరప్‌లో ఓ చుట్టం ఉంది, గ్రేట్ బస్టర్డ్. స్పెయిన్‌లో 1980లో దాని వేట ఆపేశారు. అక్కడితో ఆగలేదు. వియాఫాఫిలా అనే చోట 1990ల నుంచి యూరోపియన్ యూనియన్ డబ్బుతో రైతులతో ఒప్పందాలు చేసుకున్నారు: కొంత నేల బీడుగా వదిలితే ఇంత, గూళ్ల సమయంలో కోత ఆలస్యం చేస్తే ఇంత అని. రైతు పొలం రైతుదే, పిట్టను భరించినందుకు మాత్రం చెక్కు వస్తుంది. ఇప్పుడు ఆ ఒక్క ప్రాంతంలోనే ఆ పక్షులు రెండు వేల దాకా ఉన్నాయి. వేడంతాంగల్‌లో పక్షి రెట్ట చేసిన పని ఇక్కడ చెక్కు చేసిందన్నమాట.

అది డబ్బున్న దేశం, మనకు కుదరదు అంటారేమో. నాకలా అనిపించదు. కొర్రలు, జొన్నలు ఇప్పుడు మన సిటీ సూపర్ మార్కెట్లలో ఏ రేటుకు అమ్ముతున్నారో మీకు తెలుసు. చిరుధాన్యాలు తినండని ప్రభుత్వాలే ప్రచారం చేస్తున్నాయి. రోళ్లపాడు చుట్టూ మందు కొట్టకుండా కొర్ర వేసిన రైతుకు మంచి ధర గ్యారంటీ ఇచ్చి, జింక తిన్నదానికి ఆలస్యం లేకుండా పరిహారం ఇస్తే, అయ్యే ఖర్చు ఏ ఫ్లైఓవర్‌తోనూ పోల్చదగ్గది కాదు. కష్టం డబ్బు దగ్గర కాదు. కంచె వేసిన డిపార్ట్‌మెంట్ వేరు, నీళ్లిచ్చిన డిపార్ట్‌మెంట్ వేరు, పంట కొనేది ఇంకొకరు. ఈ ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెట్టి రైతును అడిగించడం దగ్గరే ఉంది చిక్కంతా.

జైసల్మేర్ దగ్గర 2019 నుంచి వీటి గుడ్లు తెచ్చి పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణతో కూడా ఓ పిల్ల పుట్టింది. సైన్స్ చేయాల్సింది చేస్తోంది. ఎప్పుడో ఒకప్పుడు ఆ పిల్లల్ని బయటికి వదలాలి. ఆ రోజు రోళ్లపాడు పేరు లిస్టులో ఉంటే, వదిలే చేను ఎవరిదో ఆ రైతును ఇప్పటి నుంచే అడగాలి.

మీలో కర్నూలు, నంద్యాల, అనంతపురం వైపు వాళ్లు ఉంటే ఒక పని చేయండి. ఇంట్లో తాతనో, అవ్వనో బట్టమేక పిట్టను చూశారా అని అడగండి. ఏ ఊరి చేలో చూశారు, అప్పుడు ఆ చేలో ఏం పంట ఉంది, అదీ కనుక్కుని కామెంట్లో రాయండి. అన్నీ కలిపి ఒక మ్యాప్ చేద్దాం.