పోపేయా వంటిల్లు

మా పెద్దమ్మాయి రోమ్‌లో చదువుకుంటోంది. వచ్చే నెల మేం నలుగురం వెళ్తున్నాం: నేను, మా వారు, చిన్నవాడు, అత్తయ్యగారు. రోమ్ చూపించడానికి అమ్మాయి ఉంది కాబట్టి ఆ బెంగ లేదు. పాంపీ మాత్రం నా బాధ్యత అనేసింది. "అమ్మా, నీకు ఒక్క రోజు ఇస్తున్నాను. ఏం చూడాలో నువ్వే తేల్చు" అని ఫోన్ పెట్టేసింది. అప్పటినుంచీ భోజనాల బల్లమీద కాగితాలే కాగితాలు. పప్పుగిన్నె పెట్టడానికి చోటు లేదని మా వారి సణుగుడు.

ఒక్క రోజు అనగానే అందరూ పాంపీ ఒక్కటే చూసి వచ్చేస్తారు. తప్పు లేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ పర్వతం బద్దలై బూడిదా నురగరాయీ కురిపిస్తే ఊరు ఊరంతా దాని కింద పడిపోయింది. 1748లో తవ్వకాలు మొదలయ్యాయి. ఊరి వైశాల్యం సుమారు 66 హెక్టార్లు, ఇప్పటికీ మూడో వంతు మట్టి కిందే ఉంది. తవ్విన భాగమే ఒక్క రోజులో పూర్తిగా చూడలేం, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారితో అసలే చూడలేం. వీధులన్నీ ఎగుడుదిగుడు నల్లరాళ్లు. వీధి దాటడానికి మధ్యలో ఎత్తుగా అడుగురాళ్లు వేశారు. వాననీరూ మురుగూ పాదాలకు తగలకుండా రోమన్లు చేసుకున్న ఏర్పాటు అది. వాళ్ల సౌకర్యం మనకు పరీక్ష.

ఆ వీధుల కన్నా నన్ను పట్టుకున్నవి ఇళ్లు. పాంపీలో కలిగినవాళ్ల ఇంటి నమూనా చూశాక నేను కాగితం పక్కన పెట్టి కాసేపు ఊరుకుండిపోయాను. వీధి గుమ్మం దాటి లోపలికి వెళ్తే నాలుగువైపులా గదులు, నడిమధ్య పైకప్పు ఉండదు. ఆకాశం కనిపిస్తుంది. నాలుగు చూరుల మీది వాననీళ్లు కింద తొట్టిలో పడతాయి, అక్కడినుంచి భూమిలోని నీటిగుంటలోకి వెళ్తాయి. దాన్ని వాళ్లు ఏట్రియం అన్నారు. మా అమ్మమ్మ దాన్ని మండువా అనేది. పశ్చిమ గోదావరిలో మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. వాన పడితే పిల్లలమంతా నాలుగు పక్కలా అరుగుల మీద చేరి, మధ్యలో పడే నీటిధార చూస్తూ కాగితప్పడవలు వేసేవాళ్లం. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారని అడగకండి. వేడి దేశాల్లో వెలుతురూ గాలీ నీళ్లూ ఒకేచోటినుంచి ఇంట్లోకి రావాలంటే ఎవరికైనా తట్టే ఉపాయమే.

రోమన్ ఇంట్లో దేవుడి గూడు కూడా ఉండేది. లారీస్ అనే గృహదేవతలకు గోడలో చిన్న గూడు కట్టి, కింద పాములను చిత్రించి, రోజూ కాస్త నైవేద్యం పెట్టేవారు. చాలా ఇళ్లలో అది వంటింట్లోనే ఉంటుంది. ఆ వంటిల్లు మాత్రం చూస్తే నీరసం వస్తుంది. గదులన్నీ ఎర్రరంగు గోడలతో, బొమ్మలతో మెరుస్తుంటే వంటగది ఇరుకుగా ఏ మూలో ఉంటుంది. ఇటుకగట్టు మీద బొగ్గులు పోసి వండేవారు. పొగ బయటికి పోయే దారి అంతంతమాత్రం. చాలాచోట్ల మరుగుదొడ్డి కూడా ఆ పక్కనే, ఒకే కాలవ అని! చదివి ఒకసారి నా వంటింటిని ప్రేమగా చూసుకున్నాను.

ఇంత మంచి ఇల్లు కట్టుకున్నవాళ్లు వంటింటి విషయంలో ఎందుకింత నిర్లక్ష్యంగా ఉన్నారు? కారణం వెతకనక్కర్లేదు. ఆ ఇంటి ఇల్లాలు అక్కడ నిలబడి వండలేదు. వండింది బానిసలు. రొట్టె కూడా వాళ్లదే. హెర్క్యులేనియంలో మాడి బొగ్గయిన ఒక రొట్టె దొరికింది. దాని మీద ముద్ర ఉంది: క్వింటస్ గ్రానియస్ వేరుస్ బానిస కెలర్ అని. రెండు వేల ఏళ్ల తర్వాత ఒక వంటవాడి పేరు మనకు దక్కిందంటే, పిండి మీద అచ్చు వేసుండబట్టి.

అందుకే నా ప్లానులో ఓప్లాంటిస్ చేరింది. నేపుల్స్ నుంచి సొరెంటో వెళ్లే చిన్న లోకల్ రైల్లో పాంపీకి కాస్త ముందు టోరె అనున్జియాటా అనే ఊరొస్తుంది. ఆ ఊరి ఇళ్ల మధ్యే, వీధికన్నా చాలా లోతున, ఒక బ్రహ్మాండమైన విల్లా ఉంది. 1964 నుంచి పద్ధతిగా తవ్వారు. విల్లా అంటే మన గేటెడ్ కమ్యూనిటీ విల్లా కాదు సుమా. సముద్రం ఒడ్డున డబ్బున్న రోమన్లు విశ్రాంతికి కట్టుకున్న మహలు. ఇందులో ఈతకొలనే 60 మీటర్ల పొడవు. నీరో చక్రవర్తి రెండో భార్య పోపేయాదని అంటారు, కారణం అక్కడ దొరికిన ఒక కూజా మీద ఆమె దాస్యవిముక్తుడి పేరు రాసి ఉండడం. అది గట్టి సాక్ష్యమేమీ కాదనే పండితులూ ఉన్నారు. ఒక కూజాతో ఇల్లు ఎవరిదో తేల్చేయడం నాకూ కాస్త తొందరే అనిపించింది. మా ఇంట్లో పక్కింటివాళ్ల క్యారేజీలు మూడున్నాయి మరి.

గోడల మీద బొమ్మలు చూస్తే మాత్రం ఎవరిదైతేనేం అనిపిస్తుంది. బుట్టనిండా అత్తిపండ్లు, గాజుగిన్నెలో పండ్లు, పల్చటి గుడ్డ కప్పిన బుట్టలోంచి లోపలివి లీలగా కనిపించడం, పక్కన నెమలి. ఇక పోపేయా సంగతి. ఆమె స్నానానికి పాలకోసం 500 ఆడగాడిదలను వెంట తిప్పుకునేదని పెద్ద ప్లినీ రాశాడు. గర్భవతిగా ఉండగా నీరో తన్నడంవల్ల చనిపోయిందని రోమన్ చరిత్రకారులు రాశారు. అంత వైభవం, ఇంత చావు.

ఈ ప్లినీయే, భారతదేశం ఏటా మన సామ్రాజ్యం నుంచి 5 కోట్ల సెస్టెర్సులు లాగేస్తోందని వాపోయాడు. మిరియాలకోసం, ముత్యాలకోసం, సన్నబట్టలకోసం. మన నాగార్జునకొండలో కూడా రోమన్ బంగారు నాణేలు దొరికాయి. 1938లో పాంపీలో ఒక ఇంట్లో భారతదేశపు దంతపు స్త్రీబొమ్మ దొరికింది. ముందు లక్ష్మి అన్నారు, తర్వాత యక్షి కావచ్చన్నారు. శాతవాహనుల ఏలుబడిలోని దక్కను ప్రాంతంలో చెక్కి ఉండొచ్చని ఒక అభిప్రాయం. అది నేపుల్స్ మ్యూజియంలో ఉంది. ఆ ఒక్క రోజులో కుదరదు, అమ్మాయిని విడిగా వెళ్లి చూసి ఫోటో పంపమన్నాను. మన సరుకుల వెల మీద అంత గొణిగిన ప్లినీ, వెసూవియస్ బద్దలైన రోజున నావలు తీసుకుని జనాన్ని కాపాడబోయి స్టాబియా ఒడ్డున చనిపోయాడు.

ఓప్లాంటిస్‌లో నేను చూడాలనుకుంటున్నది నెమలిని కాదు. ఆ మహల్లోనే ఒక పక్కగా ఇంకో నడవ ఉంది. అక్కడ గోడలకు బొమ్మల్లేవు, ఉన్నవి నలుపూ తెలుపూ అడ్డచారలు. అది పనివాళ్లు తిరిగే చోటు. పాంపీ వీధుల్లో కూడా ఇలాంటి చారలున్నచోట్లు ఉన్నాయట. ఎక్కడ ఆగి చూడాలో, ఎక్కడ చూపు నిలపకుండా నడిచిపోవాలో రంగే చెబుతుంది.

ఇది అమ్మాయికి చెప్పాను. తను ఇంకోటి చెప్పింది. 2021లో పాంపీ గోడలకు కాస్త దూరంలో, చివిటా జూలియానా అనే చోట ఒక విల్లాలో బానిసల గది బయటపడింది. 16 చదరపు మీటర్లు. మూడు చెక్కమంచాలు. వాటిలో ఒకటి చిన్నది, పిల్లలకు సరిపోయేది. పైన ఒక చిన్న కిటికీ. గదినిండా ఇంటివాళ్ల సామాను, కూజాలు. అంతా చెప్పి, "అమ్మా, అమ్మమ్మ వాళ్లింట్లో పనిచేసే ఆవిడ ఎక్కడ పడుకునేది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. బానిసలతో పోల్చకు, ఆవిడ జీతానికి చేసింది అన్నాను ముందు. అది నిజమే. కానీ ప్రశ్న అది కాదుగా. ఆవిడ నన్ను చంకనేసుకుని పెంచింది. ఆవిడకు విడిగా గ్లాసుండేది, పెరటి గుమ్మంలోంచి వచ్చేది, మండువాలోకి తుడవడానికి తప్ప వచ్చేది కాదు. పోయినేడు ఆ ఇల్లు పడగొట్టేముందు నేను వెళ్లి ఎన్నో ఫోటోలు తీసుకున్నాను. స్తంభాలు, ద్వారబంధం, మండువా, ఉయ్యాల బల్ల. పెరడు వైపు ఒక్కటీ తీయలేదు.

రెండు రోజులు ఆగి ఊళ్లో మా పిన్నికి ఫోన్ చేశాను. "ధాన్యం కొట్టు పక్కన, సన్నపాటి వసారా ఉండేది చూడు, అక్కడే. వానొస్తే మాత్రం కొట్టులో బస్తాల మధ్య. ఎందుకే ఇప్పుడు?" అంది. ఆ వసారా నాకు గుర్తుంది. మేం దాగుడుమూతలాడేటప్పుడు అక్కడ ఒక చాప చుట్టి నిలబెట్టి ఉండేది. ఎవరిదని ఎప్పుడూ అడగలేదు.

సరే, ప్లాను ఇది. పొద్దున్నే రోమ్‌లో స్పీడు రైలెక్కితే గంటాపావులో నేపుల్స్. అక్కడ కిందకి దిగి లోకల్ రైలు. ముందు ఓప్లాంటిస్, జనం తక్కువ, నీడ ఉంది, అత్తయ్యగారికి నడక తక్కువ. మధ్యాహ్నానికి పాంపీ. రోజుకు 20 వేలమందినే అనుమతిస్తున్నారు, టికెట్లు పేర్లతో ముందే తీసుకోవాలి, వెళ్లేముందు సెలవు రోజులు చూసుకోండి. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. నీళ్లకు బెంగలేదు, వీధుల్లో కుళాయిలున్నాయి, సీసా తీసుకెళ్తే చాలు. హెర్క్యులేనియం ఈసారికి లేదు, చిన్నవాడు అలిగాడు. పులిహోర డబ్బా పాంపీలోకి తేనిస్తారో లేదో తెలియదు కాబట్టి రైల్లోనే తినేస్తాం.

"అంత దూరమెళ్లి వంటిల్లు చూస్తావా?" అన్నారు మా వారు. అత్తయ్యగారు మాత్రం, "నన్ను కూడా ఆ చారల గోడ దగ్గరికి తీసుకెళ్లమ్మా, అక్కడే కాసేపు కూర్చుంటాను" అన్నారు.