కర్ర కాలువ ఆగాక పారిన నది

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒకోయీ నది మీద రాఫ్టింగ్ ఆనకట్ట పుణ్యమా అని వచ్చిందనే మాట తరచూ వినిపిస్తుంది. జరిగింది దాదాపు అందుకు విరుద్ధం. 1913లో పూర్తయిన రెండో నంబరు ఆనకట్టను నది నీళ్లను పక్కకు మళ్లించడానికే కట్టారు. కొండవాలు వెంట నాలుగున్నర మైళ్లకు పైగా పొడవున కర్రలతో కాలువ కట్టి, నీళ్లను పెద్దగా దిగనివ్వకుండా తీసుకెళ్లి, చివర 250 అడుగుల ఎత్తు నుంచి గొట్టాల్లో విద్యుత్ కేంద్రంలోకి దింపారు. కింద నది పారాల్సిన చోట బండలు తేలాయి. 1939లో ఈ కేంద్రాన్ని కొన్న ప్రభుత్వ సంస్థ టెనెసీ వ్యాలీ అథారిటీ (మన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కు నమూనా ఇదే) ఆ పద్ధతినే కొనసాగించింది. కాలువ శిథిలమై 1976లో మూతపడేసరికి నీళ్లు ఆనకట్ట మీదుగా పొర్లి పాతదారి పట్టాయి. నదికి నీళ్లు దక్కింది కాలువ పాడవడం వల్ల.

కయాక్‌లు, రబ్బరు పడవలు ఆ వెంటనే వచ్చాయి. ఆనకట్ట కింద పడవ దింపీ దింపగానే మొదటి ఉరవడి తగులుతుంది. ‘హెల్ హోల్’ అనే గుండం సరిగ్గా విద్యుత్ కేంద్రం పక్కనే ఉంది. అక్కడ నీళ్లు కిందికి జారి, నురగలు కక్కుతూ వెనక్కి తిరగబడతాయి. పడవలోని వాళ్లంతా గైడ్ కేకకు ఒక్కసారిగా తెడ్డు వేయకపోతే ముందుకు సాగడం కష్టం. మూతపడిన కాలువకు అథారిటీ మరమ్మతు ముగించే నాటికి ఈ నీళ్ల మీద బతికే రాఫ్టింగ్ సంస్థలు ఏర్పడి ఉన్నాయి. నీళ్లు మళ్లీ కాలువలోకా, నదిలోకా అన్న తగవు అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. 1980ల్లో కుదిరిన ఏర్పాటు ప్రకారం ఏటా 116 రోజులు నీళ్లు వదలాల్సి ఉండేది. తగ్గే విద్యుత్తుకు పరిహారంగా కాంగ్రెస్ 74 లక్షల డాలర్లు ఇచ్చింది. దాన్ని రాఫ్టింగ్ రుసుముల నుంచి తిరిగి రాబట్టాలన్నది షరతు.

విద్యుత్తు అందరికీ అవసరం, పడవ షికారు కొందరి సరదా అనే ఆక్షేపణ తేలిగ్గా తోసేయదగ్గది కాదు. అయితే ఆ సరదాకు ధర కట్టారు, వసూలూ చేశారు. పైగా అది ఈ నది పారే పోల్క్ కౌంటీలో ఒక జీవనాధారం. ఎగువన డక్‌టౌన్ రాగి గనులు గంధకపు పొగలతో కొండలను బోడి చేసి, 1987లో మూతపడ్డాయి. గనులు పోయిన చోట నది పని చూపింది.

ఇది కృత్రిమమైన నది కదా అనేది మరో ఆక్షేపణ. 1996 ఒలింపిక్స్ కయాక్ పోటీల కోసం ఎగువ భాగంలో రాళ్లు పేర్చి పాయను ఇరుకు చేశారు కాబట్టి, అక్కడికి ఆ మాట చెల్లుతుంది. రెండో నంబరు ఆనకట్ట దిగువన మాత్రం బండలూ వాలూ నదివే. అక్కడ మనిషి పేర్చినది కర్ర కాలువే. అయినా నది తన దారిన పారినందుకు, నష్టపోయింది విద్యుత్ సంస్థ అని లెక్క కట్టారు. 1913 నుంచి 1976 దాకా ఎండిన పాయకు ఏం పోయిందన్న పద్దు ఆ ఏర్పాటులో లేదు.