శనివారం నాన్న ఎవరివాడు?

మేం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగింది ఒక శనివారం రాత్రి. మర్నాడు పొద్దున్నే పాల కోసం సంచీ పట్టుకుని వీధులన్నీ తిరిగాను. ఒక్క కొట్టు తెరిచి ఉంటే ఒట్టు. చివరికి రైల్వే స్టేషన్లో ఎక్కువ రేటు పెట్టి ఒక పాకెట్ కొనుక్కొచ్చాను. "ఇదేం దేశం, ఆదివారం నాలుగు డబ్బులు చేసుకోవడం కూడా చేతకాదు వీళ్ళకి" అని మా ఆవిడ దగ్గర తెగ విసుక్కున్నాను. ఆ విసుగు పోవడానికి ఏళ్ళు పట్టింది. అదీ మావాడు వేసిన ఒక ప్రశ్న వల్ల.

ఇక్కడికొచ్చిన చాలామందిలాగే మేమూ మెల్లగా వారాంతపు తిరుగుళ్ళకి అలవాటు పడ్డాం. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకోవడం, పొద్దున్నే రైలెక్కడం, చీకటి పడేసరికి ఇంటికి చేరడం. ఒక శనివారం ర్యూడెస్‌హైమ్ దాకా రైల్లో వెళ్ళి, అక్కడ రైన్ నది మీద పడవెక్కాం. సోమవారం రిలీజు ఉంది కదా, నేను లాప్‌టాప్ తెరుచుకుని ఓ మూల కూర్చున్నాను. అందరూ ఎగబడి ఫోటోలు తీసుకునే లోరెలై కొండ వచ్చింది, వెళ్ళిపోయింది. నేను తలెత్తలేదు. మావాడు పక్కన నిలబడి, "నాన్నా, నువ్వు మాతో వచ్చావా, ఆఫీసుతో వచ్చావా?" అన్నాడు. వాడికప్పుడు ఏడేళ్ళు.

సరిగ్గా ఆ ప్రశ్నే ఒక జర్మన్ కుర్రాడి నోట డెబ్భై ఏళ్ళ కిందటే పలికించారని తర్వాత తెలిసింది. 1956 మే డేకి ఇక్కడి కార్మిక సంఘాల సమాఖ్య ఒక పోస్టరు వేసింది. అందులో ఒక చిన్న పిల్లాడు. "శనివారం నాన్న నావాడు" అన్నది నినాదం. అప్పటికి ఈ దేశంలో వారానికి ఆరు రోజులు, 48 గంటల పని మామూలు. వారానికి ఐదు రోజులు, 40 గంటలే పని కావాలన్నది వాళ్ళ కోరిక. అంటే నేను "యూరప్‌లో ఎప్పట్నుంచో ఉన్నదే" అనుకున్న శనివారం సెలవు మా నాన్న తరం నాటిదన్నమాట!

కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ రైన్ మీదే కొలోన్ నుంచి మైన్స్ దాకా ఆవిరి పడవలు 1827లో మొదలయ్యాయి. అదే ఏడాది కోబ్లెంజ్‌లో కార్ల్ బెడెకర్ పుస్తకాల వ్యాపారం పెట్టాడు. ఆ తర్వాత యాత్రా గైడ్లు వేసి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. 1835లో న్యూరెంబర్గ్ నుంచి ఫ్యూర్త్‌కి జర్మనీలో తొలి ఆవిరి రైలు నడిచింది. పడవ వచ్చింది, గైడు వచ్చింది, రైలు వచ్చింది. రానిదల్లా మామూలు మనిషికి తీరిక. కొండలూ కోటలూ చూడ్డం డబ్బూ సమయమూ రెండూ ఉన్నవాళ్ళ సరదా. ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి ఆదివారం కూడా గ్యారంటీ లేదు. ఫ్యాక్టరీల్లో ఆదివారం పనికి అడ్డుకట్ట వేసే చట్టం 1891లో గానీ రాలేదు.

తీరిక దొరికాక ఏం చెయ్యాలన్నది రెండో ప్రశ్న. 1895లో వియన్నాలో కొందరు సోషలిస్టులు "ప్రకృతి మిత్రులు" అని ఒక సంఘం పెట్టారు. కార్మికుణ్ణి సారాకొట్టు నుంచి లేపి పెళ్ళాం పిల్లలతో కొండల్లోకి తీసుకెళ్ళడం దాని పని. తక్కువ ఖర్చుతో బస చెయ్యడానికి సొంతంగా ఇళ్ళు కూడా కట్టుకున్నారు. 1933లో నాజీలు ఈ సంఘాన్ని జర్మనీలో నిషేధించారు. ఆదివారం నడక కూడా ఒక ప్రభుత్వానికి ప్రమాదంగా కనిపించిందంటే ఆలోచించండి.

ఎనిమిది గంటల పనిదినం 1918లో వచ్చింది. 1919 నాటి వైమార్ రాజ్యాంగం ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడాలని రాసుకుంది. 1949 రాజ్యాంగం ఆ వాక్యాన్ని యథాతథంగా తనలో కలుపుకుంది. 2009లో బెర్లిన్‌లో క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలూ కొట్లు తెరవొచ్చన్న నియమాన్ని రాజ్యాంగ న్యాయస్థానం ఈ వాక్యం ఆధారంగానే తప్పుబట్టింది. నాకు పాలు దొరకని ఆదివారం వెనక ఇంత కథ ఉంది.

ఇక శనివారం సంగతి. పోస్టరు పడగానే సెలవు రాలేదు. 40 గంటల వారం ప్రింటింగ్ పరిశ్రమకి 1965లో, లోహ పరిశ్రమకి 1967లో వచ్చింది. 1995లో రైల్వే వాళ్ళు వారాంతపు టిక్కెట్ పెట్టారు. 15 మార్కులకి ఐదుగురు, శని ఆదివారాలు రెండూ, నెమ్మది రైళ్ళలో దేశమంతా తిరగొచ్చు. జనం విరగబడ్డారు. రేటు పెరుగుతూ పోయి 2019లో దాన్ని ఎత్తేశారు గానీ, రాష్ట్రాలవారీగా ఐదుగురు కలిసి వెళ్ళే రోజు టిక్కెట్లు ఇప్పటికీ ఉన్నాయి.

"వాళ్ళకి సెలవుల పిచ్చి, మనకి పని విలువ తెలుసు" అని మనవాళ్ళు కొందరు అంటుంటారు. నేనూ అన్నాను. కానీ బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడి ఆదివారం సెలవు సాధించింది 1890 జూన్ 10న. పైన చెప్పిన జర్మన్ చట్టానికి ఏడాది ముందు! సెలవు అడగడం మనకి ఎవరో నేర్పిన విద్య కాదు. మనం మర్చిపోయిన విద్య.

ఇక్కడితో ఆపేస్తే కథ కంచికి, మనం పిక్నిక్‌కి. కానీ నాకు ఇబ్బందిగా ఉన్నది ఇంకొకటుంది.

పడవ సంఘటన తర్వాత శనివారం లాప్‌టాప్ ఇంట్లోనే వదలడం మొదలుపెట్టాను. మేనేజరు ఏమీ అనలేదు. ఎంత మంచి దేశం అని మురిసిపోయాను. రెండు నెలల తర్వాత తెలిసింది, నేను చెయ్యని శనివారం పని ఎటు పోతోందో. హైదరాబాద్‌లో మా టీము కుర్రాడికి. వాడికి మెయిలు పెట్టేది నేనే. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి "కాస్త చూసి పెట్టు బాబూ, సోమవారానికి కావాలి" అని రాసి బ్యాగు సర్దుకునేవాణ్ణి. వేసవిలో అప్పటికి అక్కడ రాత్రి ఏడున్నర. వాడికీ ఒక పాప ఉంది. శనివారం నాన్న ఎవరివాడని ఆ పాపని అడిగితే ఏం చెప్తుంది?

అంటే నా పిక్నిక్ ఇంకొకడి సెలవు తిని పెరుగుతోంది. పాతకాలం రైన్ యాత్రికుడికీ నాకూ ఏమిటి తేడా? అతన్ని మోసిన పడవలో బొగ్గు వేసేవాడు అతనికి కనిపించలేదు. నాకు వీడియో కాల్లో రోజూ కనిపిస్తూనే ఉన్నాడు, అయినా చూడలేదు.

ఇప్పుడు చేస్తున్నది చిన్న పని. పని అంచనాలు వేసేటప్పుడు శనివారాన్ని ఎవరికీ లెక్కలో కలపను, అక్కడా ఇక్కడా. గురువారం మధ్యాహ్నం దాటాక వచ్చిన కొత్త పని సోమవారానికి అవ్వదని క్లయింటుకి చెప్తున్నాను. రెండుసార్లు మాట పడ్డాను. ఒక రిలీజు మూడు రోజులు ఆలస్యమైంది. కొంపలేం మునగలేదు.

మొన్న మళ్ళీ అదే పడవెక్కాం. మావాడికిప్పుడు పదేళ్ళు. లోరెలై కొండ దగ్గర వాడే నా మొహం తిప్పి చూపించాడు. నిజం చెప్పాలంటే మామూలు కొండే, మన మంగళగిరి కొండ ఇంతకంటే బావుంటుంది. కానీ చూశాను.