వృద్ధాశ్రమం బండికి బీమా: చట్టం నడిచిన దారి

చింతలపూడి ప్రాంతంలో పెద్దవాళ్లను పెద్దాసుపత్రిలో చూపించాలంటే ఏలూరుకో విజయవాడకో బండి కట్టాలి. మామిడి కాపు రోజుల్లో నూజివీడు వైపు రోడ్ల మీద లోడు లారీలు, ట్రాక్టర్ల మధ్యే ఆ ప్రయాణం. పిల్లలు దూరదేశాల్లో స్థిరపడ్డ ఇళ్లు పెరిగేకొద్దీ పెద్దల బాధ్యతను వృద్ధాశ్రమాలు తీసుకుంటున్నాయి. ఆశ్రమం బండికి ప్రమాదం జరిగితే లోపల ఉన్న పెద్దలకు పరిహారం ఎవరివ్వాలి? ఈ ప్రశ్నకు మన చట్టం నేరుగా జవాబు చెప్పలేదు. రోడ్డున పోయే మనిషిని మొదటే పట్టించుకున్న చట్టం, బండిలో కూర్చున్న మనిషి దగ్గరకు చాలా ఆలస్యంగా వచ్చింది.

మోటార్లు రాకముందు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఒక్కటే దిక్కు. బాధితుడి కుటుంబం సివిల్ కోర్టులో దావా వేసి గెలిచినా, బండి యజమాని దగ్గర డబ్బు లేకపోతే తీర్పు కాగితానికే పరిమితం. బ్రిటన్ 1930లో థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. మన 1939 మోటారు వాహనాల చట్టం అదే బాట పట్టింది కానీ, బీమా అధ్యాయం అమల్లోకి వచ్చింది 1946 జూలై 1న. అప్పటికి చింతలపూడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. పాదచారికి రక్షణ దొరికింది. బండిలోని వారిలో కిరాయి ఇచ్చి ఎక్కినవారికీ, ఉద్యోగరీత్యా ప్రయాణించేవారికీ మాత్రమే ఆ రక్షణ తప్పనిసరి అయింది. యజమాని ఊరికే ఎక్కించుకున్న మనిషి లెక్కలోకి రాలేదు.

1956 సవరణ ప్రమాద పరిహారాలకు ప్రత్యేక ట్రైబ్యునళ్లు తెచ్చింది. 1973 జనవరి 1 నుంచి జనరల్ ఇన్సూరెన్స్ వ్యాపారం ప్రభుత్వ కంపెనీల చేతికి వచ్చింది. 1977లో పుష్పాబాయి కేసులో సుప్రీంకోర్టు, సంస్థలన్నీ గుర్తుంచుకోవలసిన మాట చెప్పింది. ఒక కంపెనీ కారులో వెళ్తూ మరణించిన వ్యక్తికి పరిహారం ఇవ్వాల్సింది ఆ కంపెనీయే. బీమా సంస్థ మాత్రం పాలసీలో ప్రయాణికుడికి రాసుకున్న 15,000 రూపాయల వరకే బాధ్యత వహించాలి. అంటే పాలసీ ఎక్కడ ఆగితే అక్కడి నుంచి భారం బండి నడిపే సంస్థ నెత్తిన పడుతుంది. ఆశ్రమం నడిపే ట్రస్టుకూ ఇదే సూత్రం.

1982లో తప్పెవరిదని చూడకుండా మరణానికి 15,000 రూపాయలు ఇచ్చే పద్ధతి వచ్చింది. 1989 జూలై 1న అమల్లోకి వచ్చిన 1988 చట్టం, మరణం, గాయాల విషయంలో బీమా సంస్థ బాధ్యతకున్న గరిష్ఠ పరిమితిని తీసేసింది. 1994 సవరణతో బాధితులు తాము ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. విజయవాడలో ప్రమాదం జరిగినా చింతలపూడి వాసి ఏలూరు ట్రైబ్యునల్‌కు వెళ్లగలడు.

బండి లోపలివారి కథ మాత్రం ముందుకూ వెనక్కూ ఊగింది. సత్పాల్ సింగ్ కేసులో కిరాయి ఇవ్వని ప్రయాణికుడికీ బీమా వర్తిస్తుందన్న సుప్రీంకోర్టు, ఆశారాణి కేసులో 2002 డిసెంబరులో ఆ మాటను వెనక్కి తీసుకుంది. చివరికి 2012లో బాలకృష్ణన్ కేసులో తేడా స్పష్టం చేసింది. ప్యాకేజీ పాలసీ, అంటే జనం ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అనేది ఉంటే, ప్రైవేటు కారులో కూర్చున్నవారికీ రక్షణ ఉంటుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఉండదు.

2019 సవరణలో బీమా భాగం 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. రవాణా వాహనంలోని ప్రయాణికులందరికీ బీమా తప్పనిసరి చేసింది. గూడ్సు బండిలో ఊరికే ఎక్కినవారిని మాత్రం మినహాయించింది. డ్రైవరు కాక ఆరుగురికి మించి ఎక్కే బండిని సంస్థ తన పని కోసం నడిపితే, అది ‘ప్రైవేట్ సర్వీస్ వెహికల్’గా ఈ తరగతిలోకి వస్తుంది. ఆశ్రమం పాత కారును సొంత వాహనంగా, తెల్ల ప్లేటు మీదే నడిపితే ఈ రక్షణ రాదు. నెలనెలా తీసుకునే రుసుములోనే బండి కిరాయి ఉందని వాదించబోతే మరో చిక్కు: సొంత బండిని కిరాయికి తిప్పారని బీమా సంస్థ చేతులెత్తేయవచ్చు.

బడి బస్సుకు చట్టంలో ప్రత్యేకమైన పేరుంది, 2022 ప్రీమియం నిబంధనల్లో 15 శాతం తగ్గింపూ ఉంది. ఆశ్రమం వ్యానుకు పేరూ లేదు, రాయితీ లేదు. జిల్లాకో వృద్ధాశ్రమం ఉండాలన్న 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా ఆశ్రమాల్లోని పెద్దల ప్రయాణం ఊసెత్తలేదు.

పరిహారం లెక్కలోనూ వయసు బరువు తగ్గిస్తుంది. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం పాతికేళ్ల మనిషి మరణిస్తే కుటుంబం కోల్పోయే వార్షికాదాయాన్ని 18తో హెచ్చవేస్తారు. 66 నుంచి 70 ఏళ్ల వారికి ఆ గుణకం 5. 2017 ప్రణయ్ సేఠీ తీర్పు 60 దాటినవారికి భవిష్యత్తులో పెరిగే ఆదాయాన్ని కలపలేదు. సంపాదన ఆగిపోయిన మనిషికి ఆ తక్కువ మొత్తమైనా చేతికి రావాలంటే సరైన పాలసీ ఉండి తీరాలి.

ఆశ్రమాల బండ్లకు బడి బస్సులతో సమానమైన గుర్తింపు, రాయితీ ఇవ్వడం ప్రభుత్వం చేయవలసిన పని. అంతవరకూ నిర్వాహకులు బండిని సరైన తరగతిలో రిజిస్టరు చేయించి, ప్రయాణికులకు వర్తించే పాలసీ తీసుకోవాలి. అమ్మానాన్నలను ఆశ్రమంలో చేర్చే పిల్లలు గదులూ భోజనమూ చూసి ఊరుకోక, బండి ఆర్సీ, పాలసీ కాగితం, డ్రైవరు లైసెన్సు కూడా అడిగి చూడాలి.