కంటి, చర్మ భద్రతా పరీక్షల్లో కణాధారిత ప్రత్యామ్నాయాలు: చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఒక రసాయనం కంటికి, చర్మానికి హాని చేస్తుందో లేదో తేల్చడానికి ఇరవయ్యో శతాబ్దంలో కుందేళ్ల మీద పరీక్షలు జరిపేవారు. ఆ స్థానంలోకి ప్రయోగశాలలో పెంచిన మానవకణాలు క్రమంగా ప్రవేశించాయి. శరీరం వెలుపల కణజాలాన్ని బతికించే విద్య 1907 నాటికే తెలిసినా, చర్మభద్రతకు సంబంధించిన కణాధారిత పరీక్షలకు అంతర్జాతీయ మార్గదర్శకాలు 2004లో గాని రాలేదు. ఇంతటి జాప్యానికి సాంకేతిక పరిమితులతో పాటు, ‘నమ్మదగిన పరీక్ష’కు గీటురాయి ఏదన్న ప్రశ్న తేలకపోవడమూ ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కణవర్ధనం, విషశాస్త్రం, డ్రైజ్ పరీక్ష, ధ్రువీకరణ, కృత్రిమ చర్మం, జంతు సంక్షేమం.

1. ఉపోద్ఘాతం

జంతుపరీక్షలను గురించిన చర్చ తరచుగా కరుణకు, శాస్త్రానికి మధ్య వివాదంగా సాగుతుంది. చరిత్రను పరిశీలిస్తే ఈ విభజన అంత స్పష్టంగా కనిపించదు. కుందేలు పరీక్ష మానవుల ప్రాణరక్షణ కోసమే పుట్టింది. దానిని విమర్శించిన వారిలో జంతుప్రేమికులతో పాటు విషశాస్త్రవేత్తలూ ఉన్నారు. ఈ రెండు ధారలు ఎక్కడ కలిశాయో గుర్తించడం ఈ వ్యాసోద్దేశం.

2. కుందేలు పరీక్ష ఆవిర్భావం

1930లలో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే కనురెప్పల రంగు వాడిన కొందరు స్త్రీల కళ్లు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అప్పటికి అమలులో ఉన్న 1906 నాటి చట్టం సౌందర్య సాధనాలకు వర్తించేది కాదు. 1937లో విషపూరిత ద్రావకంలో కలిపి అమ్మిన సల్ఫనిలమైడ్ ఔషధం వందమందికి పైగా ప్రాణాలు తీసింది. ఈ విషాదాల ఫలితంగా 1938లో ఆహార, ఔషధ, సౌందర్య సాధనాల చట్టం వచ్చింది. చట్టం భద్రతను కోరింది గనుక దానిని కొలిచే సాధనం అవసరమైంది. అమెరికా ఆహార, ఔషధ పాలనా సంస్థ శాస్త్రవేత్త జాన్ డ్రైజ్ 1944లో సహచరులతో కలిసి ప్రకటించిన పద్ధతి ఆ అవసరాన్ని తీర్చింది.

ఈ పద్ధతిలో కుందేలు ఒక కంటిలో 0.1 మిల్లీలీటరు పదార్థాన్ని వేసి, రెండవ కంటిని పోలిక కోసం విడిచిపెడతారు. నిర్ణీత వ్యవధుల్లో ఎరుపు, వాపు, కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొర మసకబారడం మొదలైన లక్షణాలను చూసి అంకెలు వేస్తారు. గరిష్ఠాంకం 110, అందులో 80 ఆ పారదర్శక పొరకే చెందుతాయి. అంకెల రూపంలో ఫలితం ఇవ్వడం వల్ల ఈ పద్ధతి నియంత్రణ సంస్థలకు అనుకూలించింది.

అయితే ఆ అంకెలు చూసేవారి కంటిమీద ఆధారపడినవే. 1971లో వైల్, స్కాలా ప్రచురించిన అధ్యయనం ఇరవైకి పైగా ప్రయోగశాలలకు ఒకే పదార్థాలను ఇచ్చి పరీక్షించింది. ఒక ప్రయోగశాల నిరపాయమన్న పదార్థాన్నే మరొకటి తీవ్రమైన ప్రకోపకారిగా లెక్కించిన సందర్భాలు బయటపడ్డాయి.

3. కణవర్ధనం: సమాంతర ధార

1907లో రాస్ హారిసన్ కప్ప పిండం నుంచి తీసిన నాడీకణజాలాన్ని శరీరం వెలుపల పెంచి చూపాడు. 1951లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే ఆఫ్రికన్ అమెరికన్ మహిళ కణితి నుంచి జార్జ్ గై నిరంతరం వృద్ధి చెందే తొలి మానవకణ పరంపర ‘హీలా’ను సాధించాడు. ఆ కణాలను తీసుకున్నప్పుడు ఆమె అనుమతి కోరలేదు. జంతువుకు ప్రత్యామ్నాయంగా మానవకణాన్ని వాడవలసి వచ్చినప్పుడు ఎవరి కణం, ఎవరి అంగీకారం అన్న ప్రశ్నలు తప్పవని ఈ ఉదంతం తెలుపుతున్నది.

1959లో విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ జంతువుల బదులు ఇతర పద్ధతులు వాడడం, జంతువుల సంఖ్య తగ్గించడం, బాధ తగ్గేలా పద్ధతిని మెరుగుపరచడం అనే మూడు సూత్రాలను ప్రతిపాదించారు. 1975లో రైన్‌వాల్డ్, గ్రీన్ మానవ చర్మకణాలను ప్రయోగశాలలో పదేపదే పెంచే మార్గం చూపారు. తరువాతి కృత్రిమ చర్మ నమూనాలకు ఇది పునాది అయింది.

4. ఉద్యమం, నిధులు

ఈ రెండు ధారలు కలవడానికి ప్రయోగశాల బయటి ఒత్తిడి తోడ్పడింది. 1980లో హెన్రీ స్పీరా నాయకత్వంలోని కూటమి న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పుట ప్రకటన ఇచ్చి రెవ్లాన్ సంస్థ కుందేలు పరీక్షలను ప్రశ్నించింది. ఆ సంస్థ ప్రత్యామ్నాయాల పరిశోధనకు రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి 7,50,000 డాలర్లు ప్రకటించింది. 1981లో సౌందర్య సాధనాల పరిశ్రమ నిధులతో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జంతుపరీక్షల ప్రత్యామ్నాయ కేంద్రం ఏర్పడింది.

5. ధ్రువీకరణ సమస్య

1990ల నాటికి పద్ధతులకు కొరత లేదు. వాటి విశ్వసనీయతను నిరూపించడమే కష్టమైంది. ఐరోపా సంఘం 1991లో ధ్రువీకరణ కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ దశాబ్దంలో 60 రసాయనాలతో 9 ప్రత్యామ్నాయ పద్ధతులను పరీక్షించిన అంతర్జాతీయ అధ్యయనం ఫలితాలు 1995లో వెలువడ్డాయి. వాటిలో ఏదీ కుందేలు కంటి పరీక్షకు పూర్తి ప్రత్యామ్నాయంగా నిలబడలేదు.

ఈ వైఫల్యంలో కొలబద్ద లోపమూ ఉంది. కొత్త పద్ధతి ఫలితాలను కుందేలు పరీక్ష అంకెలతోనే సరిపోల్చారు. ఆ అంకెలే స్థిరంగా లేనప్పుడు వాటితో పూర్తిగా ఏకీభవించడం ఏ పద్ధతికీ సాధ్యం కాదు. పాత పరీక్షను ఎన్నడూ ఇంతటి కఠిన ధ్రువీకరణకు గురిచేయలేదన్నది గమనార్హం.

చర్మం విషయంలో మార్గం కొంత సుగమమైంది. శస్త్రచికిత్సల్లో మిగిలిన చర్మం నుంచి తీసిన కణాలను పోషకద్రవం పైన, గాలి తగిలేలా పెంచితే అవి పొరలు పొరలుగా అమరి పైచర్మాన్ని పోలిన కణజాలం అవుతుంది. దానిపై రసాయనాన్ని ఉంచి, కడిగివేసి, తరువాత పసుపు రంగు ఎంటీటీ ద్రావణం కలుపుతారు. బతికి ఉన్న కణాలు దానిని ఊదారంగు పదార్థంగా మారుస్తాయి. రంగు గాఢతను యంత్రం కొలుస్తుంది. చర్మప్రకోప పరీక్షలో కణాల జీవశక్తి 50 శాతానికి మించకపోతే ఆ పదార్థాన్ని ప్రకోపకారిగా పరిగణిస్తారు. చూపుపై ఆధారపడిన అంచనా స్థానంలోకి ఇలా యంత్రకొలత వచ్చింది.

ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ జన్యుహాని కోసం కణపరీక్షలను 1983లోనే ఆమోదించింది. చర్మాన్ని కాల్చే గుణానికి కృత్రిమ చర్మ పరీక్ష 2004లో, చర్మప్రకోపానికి 2010లో, కంటి కణజాల నమూనా పరీక్ష 2015లో ఆమోదం పొందాయి. 2022లో కంటి హాని కోసం పలు ఆధారాలను నిర్ణీత క్రమంలో కలిపి తీర్పు చెప్పే మార్గదర్శకం వచ్చింది. ఒక జంతుపరీక్షకు బదులు ఒకే కణపరీక్ష అన్న తొలినాటి ఆశను వదులుకున్న తరువాతే ఈ పురోగతి సాధ్యమైంది.

6. చట్టాలు, భారతీయ సందర్భం

ఐరోపా సమాఖ్య సౌందర్య సాధనాల తుది ఉత్పత్తులపై 2004లో, వాటి ముడిపదార్థాలపై 2009లో జంతుపరీక్షలను నిషేధించింది. 2013లో అమ్మకాలకూ నిషేధాన్ని విస్తరించింది. భారతదేశంలో రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో చేసిన కృషి 1960 నాటి జంతుహింసా నివారణ చట్టానికి దారితీసింది. ప్రయోగాలను పర్యవేక్షించే సంఘానికి ఆధారం ఆ చట్టమే. 2014లో దేశంలో సౌందర్య సాధనాల జంతుపరీక్షలను, అలా పరీక్షించిన వాటి దిగుమతిని నిషేధించారు. 2023లో కొత్త ఔషధాల నియమాలను సవరించి కణాధారిత పద్ధతులకు చోటు కల్పించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి అనుబంధమైన అటల్ ఇంక్యుబేషన్ కేంద్రంలో మానవ నమూనా వ్యవస్థలపై ప్రత్యేక కేంద్రం ఏర్పడడం తెలుగునేలపై ఈ కృషికి నిదర్శనం.

7. పరిమితులు

చర్మపు పొర శరీరం మొత్తానికి ప్రతినిధి కాదు. కాలేయంలో మార్పు చెందాక విషమయ్యే పదార్థాలు, దీర్ఘకాలిక హాని, గర్భస్థశిశువుపై ప్రభావం వంటివి ఒక్క కణజాలంతో తేలవు. పైగా అనేక కణవర్ధనాల్లో ఇప్పటికీ దూడ పిండాల నుంచి తీసిన సీరం వాడుతున్నారు. జంతువును తప్పించే పద్ధతి మరొక జంతువుపై ఆధారపడటం ఈ రంగంలో తీరవలసిన నైతిక సమస్య.

8. ముగింపు

• కుందేలు పరీక్ష క్రూరత్వం నుంచి గాక, వినియోగదారుల విషాదాల నుంచి పుట్టింది.

• కణవర్ధన విద్య, జంతు సంక్షేమ ఉద్యమం, చట్టం కలిసినప్పుడే ప్రత్యామ్నాయాలు నిలదొక్కుకున్నాయి.

• అస్థిరమైన పాత ఫలితాలను కొలబద్దగా తీసుకోవడం కొత్త పద్ధతుల ఆమోదాన్ని ఆలస్యం చేసింది.

• ఇకపై వచ్చే పద్ధతులను కుందేలుతో ఎంత సరిపోయాయని గాక, మనిషికి జరిగే హానిని ఎంత సరిగా చెప్పాయని అంచనా వేయడం ఈ చరిత్ర సూచించే మార్గం.